వర్జ్యంలో తీసిన పువ్వు

రెండేళ్ల కిందట పాలకొల్లులో, ఒక గ్రంథాలయం పై అంతస్తు హాలులో నేను ఉపన్యాసం ఇచ్చాను. విశ్వానికి అంతు లేకపోతే మన సంగతి ఏమవుతుందన్నది విషయం. ఆ సాయంత్రం చెప్పినవాటిలో ఒక మాట తప్పు. నోరు జారి దొర్లిన మాట కాదు, తెలియని చోట తెలిసినట్టు చెప్పిన మాట. ఆ హాలులో కూర్చున్నవాళ్లలో కొందరైనా దీన్ని చదువుతారన్న ఆశతో రాస్తున్నాను.

తప్పు ఒప్పుకోవడానికి ఒక పేరా చాలు. కానీ ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్న మనిషి మా అక్కయ్య. దాన్నే పట్టుకుని ఆవిడ తన గుండె ఆపరేషన్ వద్దనుకునేదాకా వెళ్లింది. అందుకని మొదటి నుంచీ చెప్పాలి.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. సెలవు రోజుల్లో ఎవరు పిలిస్తే అక్కడికి వెళ్లి ఆకాశం గురించి మాట్లాడటం నాకు సరదా. ఆ రోజు పేకముక్కలతో మొదలుపెట్టాను. మా వైపు పేక గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కట్టలో ఉన్నవి కొన్ని ముక్కలే. వాటిని ఎన్ని రకాలుగా కలిపినా ఆ రకాలకు ఒక హద్దు ఉంటుంది. ఆట ఎప్పటికీ ఆపకుండా పంచుతూనే పోతే, ఒకసారి వచ్చిన చెయ్యి ఎప్పుడో మళ్లీ రాక తప్పదు. మన చుట్టూ ఉన్న చోటు కూడా అలాంటిదే. ఇంత చోటులో ఇన్ని అణువులు. అవి అమరగల తీరులు ఊహకు అందనన్ని, అయినా వాటికీ హద్దుంది. చోటుకు మాత్రం హద్దు లేకపోతే, ఇదే అమరిక ఇంకెక్కడో మళ్లీ ఉంటుంది. ఇదే పాలకొల్లు, ఇదే హాలు, ఈ కిర్రుమనే ఫ్యాను, దాని కింద మీరు.

ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచాడు. "అంటే మాస్టారూ, ఎక్కడో ఒకచోట మన పాలకొల్లులో కూడా మందుకి యానాం చవక రేట్లే ఉంటాయన్నమాట!"

"ఒకచోట కాదండి, లెక్కలేనన్ని చోట్ల ఉంటాయి."

"మరి అక్కడికి బస్సు ఎన్నింటికండీ?" అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

హాలంతా నవ్వింది. నాకు హుషారు వచ్చింది. హుషారులో ఉన్నప్పుడు నేను జాగ్రత్తగా మాట్లాడను. ఈ సంగతి నా విద్యార్థులకు బాగా తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు చివరి వరసలోంచి మా అక్కయ్య లేచి నిలబడింది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైంది. నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఇంట్లో నన్ను "ఒరేయ్" అని తప్ప పిలవదు. ఆ రోజు మాత్రం చీర కొంగు సర్దుకుని, "మాస్టారూ, నాదొక సందేహమండి" అంది. నాకు నవ్వు ఆగలేదు.

"చెప్పండి టీచరుగారూ."

"ఒకావిడ భర్తకి ఆపరేషన్ చేయించాలో వద్దో తేల్చుకోలేక దేవుడి దగ్గర పువ్వు తీయించిందనుకోండి. తెల్లపువ్వు వచ్చింది. మీరు చెప్పినట్టు అలాంటి ఆవిడలు లెక్కలేనంతమంది ఉంటే, వాళ్లలో ఎంతమందికి ఎర్రపువ్వు వచ్చి ఉంటుందండీ?"

నా నవ్వు ఆగిపోయింది. ఆ ఒకావిడ ఎవరో ఆ హాలులో నాకొక్కడికే తెలుసు.

పువ్వు తీయించడమంటే మా గోదావరి ఊళ్లలో చాలా ఇళ్లకు తెలిసిన పద్ధతే. ఎటూ తేలని విషయం వచ్చినప్పుడు, ఒక కాగితంలో ఎర్ర మందారం, ఇంకో కాగితంలో తెల్ల నందివర్ధనం పెట్టి, రెండు పొట్లాలూ ఒకేలా మడిచి దేవుడి పాదాల దగ్గర పెడతారు. ఎర్రది వస్తే ఇలా, తెల్లది వస్తే అలా అని ముందే అనుకుంటారు. పూజారిగారు కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. దాంతో ఇంట్లో వాదన ఆగిపోతుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేదీ అదే.

చాలా ఏళ్ల కిందట మా బావగారికి గుండెలో రక్తనాళాలు పూడుకుపోయాయి. రాజమండ్రి డాక్టర్లు ఆపరేషన్ చేయించుకోమన్నారు. బావగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు, నల్లబల్ల దగ్గర పులి. సూది చూస్తే మాత్రం మొహం తిప్పేసుకునేవారు. మందులతో నెట్టుకొద్దామని ఆయన, చేయించేద్దామని అక్కయ్య. వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి ఇద్దరూ పువ్వు తీయించడానికి ఒప్పుకున్నారు. ఎర్రది ఆపరేషన్, తెల్లది మందులు. నేనూ వాళ్లతో శివాలయానికి వెళ్లాను.

పూజారిగారు పొట్లం తీసి విప్పారు. ఎర్ర మందారం.

"శుభమండి. చేయించేసుకోండి, శివుడే చెప్పాడు" అన్నారు.

బావగారు కాసేపు ఆ పువ్వు వంకే చూసి, మెల్లగా అడిగారు. "వర్జ్యం వెళ్లిపోయిందాండీ?"

పూజారిగారు స్తంభానికి వేలాడుతున్న క్యాలెండర్ దగ్గరకు నడిచి, కళ్లజోడు ఎత్తి చూశారు. "ఇంకా కాస్త ఉన్నట్టుందండి."

"మరి వర్జ్యంలో తీసిన పువ్వు లెక్కలోకి వస్తుందాండీ?"

"మీరడిగారు కాబట్టి... రాదనే చెప్పాలండి."

"అయితే కూర్చుందాం" అన్నారు బావగారు ఎంతో తేలికపడి. మండపం మీద కూర్చున్నంతసేపూ నాకు స్కూలు కబుర్లు చెబుతూనే ఉన్నారు. వర్జ్యం వెళ్లాక మళ్లీ పొట్లాలు మడిచారు. ఈసారి నందివర్ధనం వచ్చింది. ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన నడక చూడాలి, పెళ్లికొడుకు నడకే.

తర్వాతి వానాకాలం ఆయన దాటలేదు.

గ్రంథాలయంలో అక్కయ్య అడిగింది ఈ పువ్వు గురించి. నేను ఏం చెప్పాలి? తెలియదని చెప్పాలి. కానీ అంతమంది ముందు, అంతసేపు అన్నీ తెలిసినట్టు మాట్లాడాక, ఆ మాట నా నోట రాలేదు. పైగా అక్కయ్యకు ఏదైనా ఇవ్వాలనిపించింది.

"ఉన్నవి రెండు పొట్లాలు కదండీ. కాబట్టి సరిగ్గా సగంమందికి ఎర్రపువ్వు వచ్చి ఉంటుంది. అక్కడ ఆపరేషన్ జరిగి ఉంటుంది. అంటే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఈ నిమిషంలో, అలాంటి సగం ఇళ్లలో ఇద్దరూ కూర్చుని కాఫీ తాగుతూ ఉంటారు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. అక్కయ్య రెండు చేతులూ జోడించి కూర్చుంది. ఆ రోజు నేను చెప్పిన వాటిలో అదే బాగుందని తర్వాత ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఈ ఏడాది వేసవి చివర్లో మా మేనకోడలు ఫోన్ చేసింది. అక్కయ్య ఉండేది ఆ అమ్మాయి దగ్గరే. పాలకొల్లులోనే బ్యాంకులో ఉద్యోగం తనకి.

"మావయ్యా, అమ్మకి గుండెలో వాల్వు పాడైందట. మార్చాలంటున్నారు, ఆలస్యం చెయ్యొద్దంటున్నారు. అమ్మేమో వద్దంటోంది."

"భయమా?"

"భయమైతే నేనే ఒప్పించేదాన్ని. నువ్వే చెప్పావంట కదా, అలాంటి అమ్మలు బోలెడుమంది ఉంటారని, సగంమంది చేయించుకుంటారని. ఎలాగూ సగంమంది చేయించుకుంటారు కదే, నేను చేయించుకోకపోతే ఏంటి అంటోంది. నేనేం చెప్పాలి మావయ్యా దానికి? మీ ఫిజిక్స్ నువ్వే వచ్చి వెనక్కి తీసుకో."

నేను మర్నాడే పాలకొల్లు వెళ్లాను. అక్కయ్య మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుని, అప్పుడు నన్ను పలకరించింది. రెండేళ్లలో అంత మార్పు నేను గమనించనేలేదు.

"ఏంటిరా, నీ మేనకోడలు పురమాయించిందా?"

"నేను చెప్పింది తప్పని చెప్పడానికి వచ్చాను."

"ఏది?"

"సగం అన్నది."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుతూ అక్కడి నుంచే మాట్లాడింది. "రోజూ సాయంత్రం ఈ వేళకి నువ్వు చెప్పిన సగం ఇళ్లు తలుచుకునేదాన్నిరా. రెండు గ్లాసులు పెట్టుకునే ఇళ్లు. మీ బావగారు పంచదార ఎక్కువ కావాలని గొణగడం వినపడేది. రెండేళ్లు బాగానే గడిచాయి. ఇప్పుడొచ్చి తప్పంటున్నావా?"

కోపంగా అనలేదు. దాంతో నాకు మరీ కష్టమైంది.

"సగం కాకపోతే ఎంత?" అంది, గ్లాసు నా చేతికిస్తూ.

"ఎవరికీ తెలియదు."

"తెలియకపోవడమా, లేకపోవడమా? రెండూ ఒకటి కాదుగా. పరీక్ష పేపర్లు దిద్దకముందు మార్కులు తెలియవు. అసలు పరీక్షే పెట్టకపోతే మార్కులే ఉండవు. ఇది ఏది?"

ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఆ విషయం చదివేవాళ్లు కూడా ఇప్పటికీ కొట్టుకుంటున్నది ఈ ప్రశ్న మీదే. "అది చెప్పాలంటే చోటు కావాలి. రాజమండ్రి రా. డాక్టరుగారితో ఇంకొక్కసారి మాట్లాడదాం. దారిలో చెబుతాను" అన్నాను.

"డాక్టరు కోసం రాను. దీని కోసం వస్తాను. కడియపులంకలో ఆపుతావా, మందారం మొక్క కొనుక్కోవాలి."

ఆ తర్వాతి ఆదివారం నా కారులో ముగ్గురం బయల్దేరాం. పెనుగొండ మీదుగా సిద్ధాంతం వచ్చి, రావులపాలెం దాటి, రెండో వంతెన ఎక్కేసరికి ఎండ బాగా ముదిరింది. మేనకోడలు వెనక సీట్లో నిద్రపోయింది. అక్కయ్య మాత్రం అద్దంలోంచి గోదావరిలో తేలిన ఇసుక తిన్నెలు చూస్తూ కూర్చుంది. కడియపులంకలో రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. ఒక దాని ముందు ఆపాను. లోపల మందారాలు వరసల వరసలుగా ఉన్నాయి, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో, ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి.

"సార్, ఎన్ని కావాలండి?" అన్నాడు నర్సరీ యజమాని.

"ఒకటే అండి. కానీ మా తమ్ముడు ఇక్కడ పాఠం చెప్పాలట. కాసేపు తిరగొచ్చా?"

"ఆయ్, తిరగండమ్మా. పాఠానికి డబ్బులు తీసుకోమండి" అని నవ్వి, ఒక కుర్చీ వేయించాడు. అక్కయ్య కూర్చోలేదు. నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచింది.

"ఈ వరసకి అంతు లేదనుకో" అన్నాను. "ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు. నడుస్తూ లెక్కపెడితే ఎర్రవి ఎంత?"

"సగం."

"ఇప్పుడు మొక్కలు అవే. ఒక్కటి కొత్తగా తేలేదు, ఒక్కటి తీసేయలేదు. పనివాళ్ల చేత వరస మాత్రం మార్పించాను. రెండు తెల్లవి, ఒక ఎర్రది, రెండు తెల్లవి, ఒక ఎర్రది. తెల్లవి అయిపోతాయా?"

ఆవిడ ఆగి ఆలోచించింది. "అంతు లేనివి కదా. అయిపోవు. ఎర్రవీ అయిపోవు. దూరం నుంచి తెచ్చుకుంటూ ఉంటారు."

"ఇప్పుడు నడుస్తూ లెక్కపెట్టు."

"మూడింట ఒకటే ఎర్రది." ఆవిడ నా చెయ్యి వదిలేసింది. "అదేంటిరా? మొక్కలు అవే అంటివి!"

"మొక్కలు అవే. నువ్వు నడిచిన వరస మారింది. పది మొక్కలుంటే ఎలా నడిచినా ఎర్రవి ఎన్నో అన్నే. అంతు లేకపోతే వాటా మొక్కల్లో ఉండదు, నడకలో ఉంటుంది. నేను ఆ రోజు నడక సంగతి చెప్పకుండా వాటా చెప్పేశాను."

"ఆగు. మొక్కలు వాటంతటవి ఉన్న చోట ఉన్నాయిగా. మనం నిలబడ్డ చోటు నుంచి చుట్టూ పెద్ద పెద్ద గుండ్రాలు గీసుకుంటూ లెక్కపెడితే?"

నిజంగా ఈ ప్రశ్న వేస్తుందనుకోలేదు. చాలామంది శాస్త్రవేత్తలు మొదట పట్టుకునే దారి అదే. "చోటంతా ఒకే తీరుగా ఉంటే అలా కొంతవరకు కుదురుతుంది" అన్నాను. "కానీ విశ్వం ఊరికే పరుచుకుని లేదని, ఎక్కడో ఒకచోట ఉబ్బుతూ, కొత్త లోకాలు పుట్టిస్తూనే ఉంటుందని చాలామంది అనుకుంటున్నారు. ఈ నర్సరీలాగే. ఏవండీ, ఒక మందారం నుంచి ఏడాదికి ఎన్ని మొక్కలు చేస్తారు?"

"కొమ్మని బట్టి అండి. బోలెడు" అన్నాడు యజమాని. ఆయన కూడా మా వెనకే నడుస్తున్నాడు.

"చూశావా. ప్రతిదాని నుంచీ బోలెడు, వాటి నుంచి మళ్లీ బోలెడు. ఇవాళ ఆపి లెక్కపెడితే ఇక్కడ ఎక్కువగా ఉన్నవేవి?"

"పిల్లమొక్కలు."

"వచ్చే ఏడు ఆపితే?"

"అప్పుడూ పిల్లమొక్కలే. పూత కూడా చూడనివి." ఆవిడ అటువైపు చేయి చూపించింది. దూరంగా షేడ్‌నెట్ కింద వేళ్లంత కొమ్మలు గుచ్చిన సంచులు, కంటికి ఆనినంతమేరా. పూలున్న మొక్కలు వాటి ముందు ఏ మూలకి?

"అదే చిక్కు. మామూలు గుంపులో అంచున ఉన్నవాళ్లు కొద్దిమంది, లోపల ఉన్నవాళ్లు ఎక్కువమంది. ఇలా పెరిగే గుంపులో అంచునే ఎక్కువమంది ఉంటారు. ఎక్కడ ఆపితే అక్కడ, అప్పుడే పుట్టినవాళ్లే లెక్కను మింగేస్తారు. ఒక గడియారం పెట్టుకుని ఆపి చూస్తే, మన విశ్వం ఇంత వయసుది అయి ఉండకూడదని తేలింది. మనం ఉన్నాం, విశ్వం ముసలిదేనని కనిపిస్తోంది. కాబట్టి ఆ గడియారం పనికిరాదని పక్కన పెట్టారు. వేరే గడియారం పెట్టారు. ఇంకో జవాబు వచ్చింది."

అక్కయ్య నవ్వడం మొదలుపెట్టింది. ఆయాసం వచ్చి, కుర్చీలో కూర్చుని మరీ నవ్వింది. కారులోంచి మేనకోడలు దిగి పరిగెత్తుకొచ్చింది.

"నచ్చని జవాబు వస్తే వర్జ్యం అన్నారన్నమాట!" అంది అక్కయ్య కళ్లు తుడుచుకుంటూ. "మీ బావగారు ఎంత పెద్ద సైంటిస్టురా!"

"అలా కాదు" అని నేను కాస్త ఉక్రోషంగానే అన్నాను. "వాళ్లు భయపడి కొట్టేయలేదు. కంటికి కనిపించేదానితో కుదరలేదు కాబట్టి కొట్టేశారు."

"సరేలే, వాళ్లని ఏమీ అనను." నవ్వు తగ్గించింది. "కానీ అక్కడిదాకా ఎందుకురా, నీ సగం మా గుళ్లోనే తప్పు. నలుగురు అక్కయ్యల్ని తీసుకో. ఇద్దరికి మొదటి పొట్లంలోనే తెల్లపువ్వు వచ్చింది. మీ బావగారు వర్జ్యం అడిగేవారా?"

"అడగరు."

"నోరెత్తకుండా ఇంటికి పోయేవారు. మిగతా ఇద్దరికి ఎర్రది వచ్చింది. వాళ్లిద్దరి మొగుళ్లూ వర్జ్యం అన్నారు. మళ్లీ తీయించారు. అందులో ఒకర్తికి తెల్లది, ఒకర్తికి ఎర్రది. మొత్తం ఎంత?"

నేను మనసులో లెక్కేశాను. నలుగురిలో ముగ్గురికి తెల్లది. ఒక్కరికే ఎర్రది. రెండోసారి కూడా ఎర్రది వస్తే ఆయన దుర్ముహూర్తం అనకుండా ఉంటేనే, ఆ ఒక్కరైనా.

ఆ గుళ్లో నేనూ ఉన్నాను. మండపం మీద ఆయన పక్కన కూర్చుని స్కూలు కబుర్లు విన్నాను. రెండు పొట్లాలు కాబట్టి సగం అని హాలులో చెప్పినప్పుడు ఆ మండపం నాకు గుర్తే రాలేదు. విశ్వం సంగతి దేవుడెరుగు. కళ్ల ముందు జరిగినదాన్ని కూడా నేను లెక్కలో వేసుకోలేదు.

"ఇది నీకు అప్పుడే తెలుసా?"

"హాలు మెట్లు దిగేటప్పుడే తట్టింది. కానీ నువ్వు సగం అన్నావుగా. నాకు అది కావాలనిపించింది. ఉంచుకున్నాను."

నర్సరీ యజమాని ఒక మొక్క తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు. "ఎర్ర మందారమేనండి. మొగ్గ లేదు కానీ ఎర్రదే."

"ఎందుకు పెట్టావో పెట్టావు కానీ, ఈ పాఠం బాగుందిరా" అంది అక్కయ్య, ఆ ఆకు వేళ్ల మధ్య పట్టుకుని. "అంతు లేనిచోట వాటా అడగడమే కుదరదు, ఎలా లెక్కపెడుతున్నామో చెప్పుకుంటే తప్ప. అంతేగా?"

"ఇప్పటికి తెలిసింది అంతే. రేపు ఎవరైనా సరైన నడక ఇదేనని కనుక్కుంటారేమో. లేదని తేలుతుందేమో."

"అయితే నా బదులు ఆపరేషన్ చేయించుకుంటారన్న సగంమంది..."

"వాళ్లు ఉన్నారో లేదో తెలియదు. ఉంటే ఎంతమందో అనడానికి అర్థం ఉందో లేదో తెలియదు. వాళ్లని చూసి నువ్వు ఊరుకుంటే, వాళ్లూ నీలాంటివాళ్లే కదక్కా, వాళ్లూ అలాగే ఊరుకుంటారు."

ఈ చివరి మాట నేను ఇంటి దగ్గర తయారుచేసుకుని వచ్చింది. ఆవిడ పట్టేసింది. "ఇది కంఠతా పెట్టుకొచ్చావు కదూ" అని నా మోచేతి మీద కొట్టింది. అయినా కారెక్కి, "పద, ఎలాగూ వచ్చాంగా, ఆ డాక్టరుగారిని చూసిపోదాం" అంది. మేనకోడలు అద్దంలోంచి నా వంక చూసింది. నేను ఏమీ ఎరగనట్టు కారు స్టార్ట్ చేశాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు చిన్నవాడే. ఆదివారమైనా మా కోసం ఆగాడు. రిపోర్టులు చూసి, నూటికి ఇంతమంది ఈ ఆపరేషన్ తర్వాత హాయిగా తిరుగుతున్నారని ఒక అంకె చెప్పాడు. పెద్ద అంకే. మామూలుగా ఆ అంకె వినగానే జనం తేలికపడతారు కాబోలు, చెప్పి చిరునవ్వుతో ఆగాడు.

"ఆ నూరుగురు ఎవరండీ?" అంది అక్కయ్య.

"అంటే అమ్మా?"

"నా వయసువాళ్లా, అన్ని వయసులవాళ్లా? నాకు షుగరుంది, వాళ్లకి ఉందా? ఆపరేషన్‌దాకా వచ్చినవాళ్లనే లెక్కపెట్టారా, రాకుండా ఆగిపోయినవాళ్లని కూడానా?"

డాక్టరుగారు పెన్ను బల్ల మీద పెట్టాడు. నా వంక చూశాడు. నేను గోడ మీద గుండె బొమ్మ వంక చూశాను.

"నేను చెప్పింది అందరినీ కలిపి వేసిన లెక్కమ్మా" అన్నాడు, ఇందాకటి గొంతు కాకుండా వేరే గొంతుతో. "మీ వయసు, షుగరు రెండూ కలిపి చూస్తే అది కొంత తగ్గుతుంది."

"ఇంకా సన్నగా చూస్తే? నా ఎత్తు, నా బరువు, నా వాల్వు?"

"అప్పుడు గుంపులో మీరొక్కరే మిగులుతారు. అంకె చెప్పడానికి ఏమీ ఉండదు. వాల్వు ఎలా ఉందో స్కాన్‌లో చూశాను, అది మార్చగలను, మారిస్తే ఆయాసం తగ్గాలి. ఇంతవరకే చెప్పగలను."

"మార్చకపోతే?"

"అది మాత్రం నాకు దాదాపుగా తెలుసమ్మా."

మేనకోడలు తల్లి భుజం మీద చెయ్యి వేసింది. అక్కయ్య కాళ్ల దగ్గరున్న మందారం సంచిని కాస్త పక్కకు జరుపుకుంది. కారులో వాడిపోతుందని లోపలికి తెచ్చుకుంది దాన్ని.

"ఎప్పుడు చేస్తారు?"

డాక్టరుగారు ఒక గురువారం చెప్పాడు. మేనకోడలు వెంటనే ఫోన్ తీసింది. ఏం చూస్తోందో నాకు అర్థమయ్యేలోపే అక్కయ్యకు అర్థమైంది.

"ఏంటే అది, పంచాంగమా? మూసెయ్."

"ఒక్కసారి చూస్తే పోయిందేముందే అమ్మా? వర్జ్యం ఎన్నింటికో..."

"మూసెయ్యమన్నానా? ఈ పొట్లం ఒక్కసారే విప్పుతాను."

ఆపరేషన్ జరిగింది. ఆవిడ ఇప్పుడు మెట్లు ఎక్కుతోంది. మొన్న నేను వెళ్లేసరికి పైన బాల్కనీలో మందారానికి నీళ్లు పోస్తోంది. ఆయాసం లేదు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే చదివించుకుంది. నలుగురు అక్కయ్యల లెక్క దగ్గర "సరిగ్గానే రాశావు" అంది. తన నవ్వు గురించి రాసినచోట మూతి ముడిచింది. అంతా అయ్యాక చెంబు కింద పెట్టి అడిగింది.

"ఆపరేషన్ బాగా జరిగిందని ఎలా తెలిసిందిరా?"

"అదేంటి, నువ్వు ఎదురుగా నిలబడి ఉంటే!"

"అదే అంటున్నా. బాగా జరిగిన నేనే కదా నిలబడి అడగగలిగేది. బాగా జరగని నేను ఎక్కడైనా ఉంటే, అది నిన్ను ఏమీ అడగలేదు, నీ వ్యాసం చదవలేదు. మరి నన్ను చూసి ఆపరేషన్ మంచిదేనని నువ్వు రాసెయ్యొచ్చా?"

నేను ఆలోచించాను. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక కిక్ కొడుతూనే ఉన్నారు. ఇది ఆ రోజు నర్సరీలో మాట్లాడుకున్న దానికంటే చిన్న ప్రశ్నేమీ కాదు. ఈసారి మాత్రం నాకు తొందర లేదు.

"తెలియదక్కా" అన్నాను.

"ఆఁ. ఆ ముక్క హాలులోనే అనుంటే సరిపోయేది" అని, చెంబు తీసుకుని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.